నోటి కాన్సర్‌కి ‘కరెంటు’: మన వైపు అపోహలు, అసలు సంగతులు

నేను రేడియేషన్ డాక్టర్‌ని, సొంతూరు ఒడిశాలోని పర్లాకిమిడి. గుణుపురం, కాశీనగరం, రాయగడ నుంచి వచ్చే మనవాళ్లు రేడియేషన్‌ని ‘కరెంటు పెట్టడం’ అంటారు, ఆ మాటతోనే సగం భయం పట్టుకుంటుంది. మెషిన్ నుంచి వచ్చేది చాలా శక్తి ఉన్న ఎక్స్‌రే. షాక్ కొట్టదు, పెట్టేటప్పుడు నొప్పి తెలియదు, మెషిన్ ఆగాక ఒంట్లో ఏమీ మిగలదు. ఇంటికెళ్లి మనవల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు.

అపోహ: నొప్పి లేని పుండు కాన్సర్ కాదు.

మొదట్లో చాలామందికి నొప్పే ఉండదు. అడ్డపొగ తాగే అమ్మలకి, అంటే చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకునేవాళ్లకి, అంగిలి మీద వస్తుంది, గుట్కా, ఖైనీ వాళ్లకి ఎక్కువగా బుగ్గలో. ముదిరితే దవడ బిగుసుకుని నోట్లో రెండు వేళ్లు కూడా పట్టవు, పళ్లు కదులుతాయి, కింది పెదవి మొద్దుబారుతుంది, మెడలో గట్టి గడ్డ కడుతుంది, ఒక్కోసారి బుగ్గకి చిల్లు పడుతుంది. పుండు నోట్లో ఉన్నా పోటు చెవిలో వస్తుంది. చెవిలో చుక్కలు వేసుకుంటూ నెలలు గడిపేసి వచ్చినవాళ్లని చూస్తే నిజంగా బాధేస్తుంది. మూడు వారాల్లో మానని పుండుకి ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించండి, ముక్క తీస్తే రోగం పాకదు.

అపోహ: “రోగం ముదిరిపోతుంటే ఈ తిప్పడమేటి బాబూ?”

రోజూ వినే మాట ఇది. రేడియేషన్ మొదలుపెట్టే ముందు పాడైన పళ్లు తీయించాలి, ఆ గాయాలు మానడానికి పది పద్నాలుగు రోజులు కావాలి. రేడియేషన్ తరవాత దవడ ఎముకకి రక్తం సరిగా అందదు, అప్పుడు పన్ను పీకితే ఎముక కుళ్లే ప్రమాదం ఉంది. ఆ తరవాత మాస్క్: వేడినీళ్లలో మెత్తబడ్డ ప్లాస్టిక్ జాలీని ముఖం మీద పరిచి బల్లకి బిగిస్తాం, కాసేపటికి మీ ముఖం ఆకారంలోనే గట్టిపడుతుంది. ఆ మాస్క్‌తోనే సీటీ స్కాన్ తీసి, ఒక్కో పొరలో గడ్డ ఎక్కడుందో, మెడ గ్రంథుల్లో ఎంత దూరం వరకు రేడియేషన్ ఇవ్వాలో, వెన్నుపాము, లాలాజల గ్రంథులు ఎక్కడున్నాయో గీస్తాం. దాని మీద ఫిజిసిస్ట్, అంటే రేడియేషన్ లెక్కలు చూసే నిపుణులు, డోసు లెక్కగట్టి, సరిచూసి ఇస్తారు. మిల్లీమీటర్ల పని, తొందరపెట్టకండి.

అపోహ: మధ్యలో నాలుగు రోజులు మానేస్తే ఏం కాదు.

అవుతుంది. మామూలుగా ఆపరేషన్ తరవాత 60 నుంచి 66 గ్రే (గ్రే అంటే రేడియేషన్ డోసుకి కొలత), రోజుకి 2 గ్రే చొప్పున వారానికి ఐదు రోజులు ఇస్తాం. ఆపరేషన్ కుదరకపోతే 70 గ్రే, ఏడు వారాలు. రెండో మూడో వారంలో నోరంతా పూసి మింగుడు పడదు, సరిగ్గా అప్పుడే పెళ్లనీ పొలం పనులనీ ఊరెళ్లిపోతారు, ఆ ఖాళీలో మిగిలిన కాన్సర్ కణాలు వేగంగా పెరుగుతాయి. తినలేకపోతే ముక్కు గొట్టం పెట్టించుకోండి, అది ఆఖరి దశకి గుర్తు కాదు, బరువు తగ్గకుండా చూసుకోవడానికి. బరువు తగ్గితే మాస్క్ వదులైపోతుంది, మళ్లీ ప్లాన్ చేయాల్సి వస్తుంది. ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లతో రోజుకి చాలాసార్లు పుక్కిలించండి. రోజూ బస్సులో రావడం కష్టమైతే మాస్క్ వేసే రోజే మాకు చెప్పండి, దగ్గర్లో ఉండే చోటు ముందే చూసుకోవచ్చు.