సంతకం యజమానిది, చాకిరీ బానిసది: అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సైన్యం వెంట నడిచినవాళ్ళు

2010లో వర్జీనియా రాష్ట్రంలో నాలుగో తరగతి చరిత్ర పుస్తకంలోని రెండు మూడు వాక్యాల మీద పెద్ద గొడవ జరిగింది. 1861–65 అంతర్యుద్ధంలో వేలాదిమంది నల్లజాతివారు దక్షిణాది (బానిసత్వాన్ని కాపాడుకోవడానికి దేశం నుంచి విడిపోయిన 'కాన్ఫెడరేట్' రాష్ట్రాలు) తరఫున పోరాడారని, ఆ పక్షపు జనరల్ స్టోన్‌వాల్ జాక్సన్ కింద రెండు నల్లజాతి బెటాలియన్లు ఉండేవని అందులో రాశారు. జాక్సన్ 1863 మే నెలలోనే చనిపోయాడు. నల్లవాళ్ళను సైనికులుగా తీసుకోవడానికి దక్షిణాది కాంగ్రెస్ చట్టం చేసింది 1865 మార్చి 13న. లేని బెటాలియన్లను చచ్చిపోయిన జనరల్ కింద నిలబెట్టారన్నమాట. ఆధారం ఏమిటని ఆరా తీస్తే, కాన్ఫెడరేట్ సైనికుల వారసుల సంఘం ఇంటర్నెట్‌లో పెట్టిన రాతలని తేలింది. వర్జీనియాలో ఇప్పుడు తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి కాబట్టి ఇది మన పిల్లల పాఠం కూడా.

ఆ వాదన ఇన్నాళ్ళు బతకడానికి కారణం ఉంది. దక్షిణాది సైన్యాల వెంట నల్లవాళ్ళు వేలల్లో ఉన్నమాట నిజం. 1863 వేసవిలో ఉత్తరాదిన పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్ మీదికి నడిచిన దక్షిణాది సేనాని లీ సైన్యం 70 వేలు దాటింది. దాని వెంట వెళ్ళిన బానిసలు 6 వేల నుంచి 10 వేల దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. వాళ్ళు అక్కడ ఉన్నారా లేదా అన్నది తగవు కాదు. ఏ హోదాలో ఉన్నారు, ఎవరి అనుమతితో వచ్చారు, కూలి ఎవరి చేతికి వెళ్ళింది? వీటికి జవాబులు ఆనాటి కాగితాల్లోనే దొరుకుతాయి.

విడిపోయిన 11 రాష్ట్రాల జనాభా దాదాపు 90 లక్షలు. అందులో 35 లక్షలమంది బానిసలు. పొలం పని వాళ్ళు చూసుకుంటారు కాబట్టి తెల్లవాళ్ళు నిశ్చింతగా యుద్ధానికి పోవచ్చన్నది మొదటి లెక్క. సైన్యంలో కూడా చాకిరీ వాళ్ళ మీద వేస్తే ప్రతి తెల్ల సిపాయి చేతిలోనూ తుపాకీ పెట్టవచ్చన్నది రెండోది. ఈ రెండు లెక్కలూ ఒకే మనిషి రెక్కల మీద ఆధారపడ్డవి. పొలంలో ఉన్నవాడు కోటలో ఉండడు. యుద్ధం సాగినకొద్దీ ఆస్తిగల ఆసాములకూ సర్కారుకూ మధ్య పెరిగిన పేచీ అంతా దీని చుట్టూనే తిరిగింది.

1861లో బయల్దేరిన సంపన్న ఇళ్ళ కుర్రాళ్ళు ఇంటినుంచి ఒక బానిసను వెంట తెచ్చుకున్నారు. ఆఫీసర్లే కాదు, మామూలు సిపాయిలుగా చేరినవాళ్ళు కూడా. ఆ బానిస తెల్లవారకముందే లేచి కట్టెలూ నీళ్ళూ తేవాలి. మొక్కజొన్న పిండితో రొట్టె కాల్చాలి, ఉప్పుపెట్టిన పందిమాంసం వేయించాలి, గుర్రాన్ని తోమాలి, బట్టలు ఉతకాలి. చుట్టుపక్కల పల్లెల్లో కోడో గుడ్లో కొనుక్కురావాలి, అమ్మేవాళ్ళు లేకపోతే ఎత్తుకురావాలి. సందు దొరికితే మిగతా సిపాయిల బట్టలు ఉతికి నాలుగు డబ్బులు చేసుకున్నవాళ్ళున్నారు. కాల్పులు మొదలైతే వాళ్ళ చోటు వెనక బళ్ళ దగ్గర. ఆగాక వెళ్ళి యజమానిని వెతకాలి. గాయపడితే ఆస్పత్రికి, చనిపోతే శవాన్ని సొంతూరికి చేర్చాలి. 'నమ్మిన బంటు' కథలన్నీ ఈ చివరి పనిలోంచి పుట్టినవే. ఆ బంటు భార్యాపిల్లలు అదే ఆసామి ఇంట్లో బానిసలుగా ఉన్నారన్న సంగతి మాత్రం ఆ కథల్లో రాదు.

రేషన్ తగ్గడం, పారిపోయేవాళ్ళు పెరగడంతో 1862 తర్వాత చాలామంది సిపాయిలు తమ బానిసలను ఇళ్ళకు పంపేశారు. ఆఫీసర్ల దగ్గర చివరిదాకా మిగిలారు.

ఈ సొంత సేవకులు సైన్యం లెక్కలో లేరు. వంటవాళ్ళ సంగతి వేరు. 1862 ఏప్రిల్ చట్టం ప్రకారం ప్రతి కంపెనీకి నలుగురు వంటవాళ్ళను పెట్టుకోవచ్చు. తెల్లవాళ్ళైనా నల్లవాళ్ళైనా, స్వతంత్రులైనా బానిసలైనా సరే. పెద్ద వంటవాడికి నెలకు 20 డాలర్లు, సహాయకులకు 15. బానిసైతే యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. డప్పు, పిల్లనగ్రోవి వాయించే నల్లవాళ్ళకూ అదే నెలలో జీతం ఖాయం చేశారు. కంపెనీ హాజరుపట్టీల్లో అక్కడక్కడా కనిపించే నల్లవాళ్ళ పేర్లలో ఎక్కువ భాగం ఇలా ఎక్కినవే. ఈరోజు ఆ పట్టీని ఫొటో తీసి 'ఇదిగో నల్ల సైనికుడు' అని చూపించేవాళ్ళు పేరు పక్కనున్న హోదా గడి చూపించరు.

బళ్ళు తోలినవాళ్ళలోనూ బానిసలు చాలామంది. ఆరు కంచరగాడిదల బండి తోలేవాడు బండి మీద కూర్చోడు. వెనక జతలో ఎడమ గాడిద మీద కూర్చుని, ముందు జతలో ఎడమదానికి కట్టిన ఒకే పగ్గంతో ఆరింటినీ నడుపుతాడు. పగ్గం సాగదీసి లాగితే ఒక పక్కకు, చిన్నగా కుదిపితే ఇంకో పక్కకు తిరిగేలా గాడిదలకు అలవాటు చేస్తారు. చేయి తిరిగినవాడు కాకపోతే బురదలో బండి దిగబడుతుంది, వెనకున్న వరసంతా ఆగుతుంది. గెటిస్‌బర్గ్ ఓటమి తర్వాత గాయపడ్డవాళ్ళను మోసుకుంటూ వాన‌లో వెనక్కి మళ్ళిన బళ్ళ బారు 17 మైళ్ళు ఉంది. అదే దండయాత్రలో లీ సైనికులు పెన్సిల్వేనియా ఊళ్ళలో స్వతంత్రంగా బతుకుతున్న నల్లవాళ్ళను పట్టుకుని బానిసలుగా దక్షిణానికి తోలుకుపోయారు. 'నల్ల సైనికులు' ఉన్న సైన్యం చేసే పని కాదది.

అన్నిటికంటే ఎక్కువమందిని మింగింది మట్టిపని. 1861 జులైలో వర్జీనియా తీరంలో దక్షిణాది జనరల్ మాగ్రూడర్ మూడు కౌంటీల ఆసాములకు వర్తమానం పంపాడు: మీ మగ బానిసల్లో సగంమందిని పంపండి, మనిషికి రోజుకు 50 సెంట్లు, రేషన్. పని ఇలా ఉండేది. బయటివైపు కందకం తవ్వాలి, ఆ మట్టినే లోపలివైపు కట్టగా పోసి దిమ్మిసా కొట్టాలి. వదులు మట్టి నిలువుగా నిలబడదు కాబట్టి కొమ్మలతో అల్లిన అడుగులేని బుట్టలను వరసగా నిలబెట్టి మట్టి నింపుతారు, లోపలి గోడకు దుంగలు ఆనిస్తారు. ఎదురుగా ఉన్న చెట్లన్నీ నరికి, కొమ్మల మొనలు చెక్కి శత్రువు వైపు తిప్పి పడేస్తారు. యార్క్‌టౌన్ నుంచి వార్విక్ నది వెంట ఇలా లేచిన వరస, ఆ నదికి కట్టిన ఆనకట్టలు కలిసి 1862 ఏప్రిల్‌లో ఉత్తరాది జనరల్ మెక్లెలన్ మహాసైన్యాన్ని నెలరోజులు ఆపాయి. అట్లాంటా చుట్టూ ఇలాంటి కోటల వలయాన్నే లెమ్యుయెల్ గ్రాంట్ అనే ఇంజినీరు బానిసలతో కట్టించాడు. మనవాళ్ళు పిల్లలతో వెళ్ళే అట్లాంటా జూ ఉన్న గ్రాంట్ పార్క్‌కు ఆయన పేరే పెట్టారు, ఫోర్ట్ వాకర్ మట్టిదిబ్బ ఇంకా ఆ పార్కులోనే ఉంది.

అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఈ పనుల జీతాల పట్టీలు దాదాపు 6 వేలు ఉన్నాయి. ఒక పట్టీ తీసి చూస్తే: ఎవరి నుంచి తీసుకున్నారో ఆ యజమాని పేరు, పనివాడి పేరు, సాధారణంగా ఇంటిపేరు లేకుండా ఒక్క మాట, చేసిన పని, ఎన్ని రోజులు, నెలకో రోజుకో రేటు, మొత్తం. చివరి గడి సొమ్ము ముట్టినట్టు సంతకం. ఆ సంతకం యజమానిది, లేదా అతని ఏజెంటుది. తవ్వినవాడి వేలిముద్రకు కూడా అక్కడ చోటు లేదు. వెట్టిచాకిరీలో కూలి ఎగ్గొట్టడం మనకు తెలుసు. ఇక్కడ కూలి ఎగ్గొట్టలేదు, ఇంకొకడి చేతిలో పెట్టారు.

అయినా ఆసాములు మొండికేశారు. అడిగితే ఇవ్వకపోవడంతో వర్జీనియా 1862 అక్టోబరు 3న చట్టం తెచ్చింది: 18 నుంచి 45 ఏళ్ళ బానిసలను 10 వేలకు మించకుండా, 60 రోజులకు మించకుండా గవర్నరు బలవంతంగా తీసుకోవచ్చు, యజమానికి నెలకు 16 డాలర్లు. 1863 మార్చిలో, మళ్ళీ 1864 ఫిబ్రవరిలో దక్షిణాది రాజధాని రిచ్మండ్ లోని కేంద్ర సర్కారు కూడా చట్టాలు చేసింది. రెండోదానిలో 20 వేలమంది బానిసలను తీసుకునే అధికారం ఉంది. 18–50 ఏళ్ళ స్వతంత్ర నల్లజాతి మగవాళ్ళను కూడా నెలకు 11 డాలర్లకు పనిలో పెట్టవచ్చు.

కాగితం మీది సంఖ్య మైదానంలోకి ఎప్పుడూ రాలేదు. నాట్లప్పుడు, కోతలప్పుడు మనుషులను పంపమనేవారు. పంపినా బలహీనులను పంపేవారు. 60 రోజులన్నది గడువు దాటి సాగేది. చాలీచాలని తిండి, తడి నేల మీద పడక, తట్టు, టైఫాయిడ్. వీటివల్ల తిరిగొచ్చినవాడు పనికిరాకుండా వచ్చేవాడు, కొందరు రానేలేదు. అప్పుడు యజమాని నష్టపరిహారం అర్జీ పెట్టేవాడు. కాన్ఫెడరేట్ డాలరు విలువ నెలనెలా పడిపోతుంటే 16 డాలర్ల మీద ఆశ ఎవరికుంటుంది? కొడుకులను యుద్ధానికి పంపి, బానిసలను మాత్రం సైన్యానికి అందకుండా దూరంగా టెక్సాస్ వైపు తరలించినవాళ్ళున్నారు.

ఆసాముల అసలు భయం పారిపోవడం. అది యుద్ధం తొలి నెలల్లోనే మొదలైంది. ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మాలొరీ, జేమ్స్ టౌన్‌సెండ్ అనే ముగ్గురు వర్జీనియాలో సూయెల్స్ పాయింట్ దగ్గర ఫిరంగి దిబ్బ కడుతున్నారు. తమను ఇంకా దక్షిణానికి పంపుతారని విని 1861 మే 23 రాత్రి పడవలో ఎదురుగా ఉత్తరాది సైన్యం చేతిలో ఉన్న ఫోర్ట్ మన్రో కోటకు చేరారు. మర్నాడు యజమాని కర్నల్ మాలొరీ తరఫు మేజరు తెల్లజెండాతో వచ్చి, పరారీ బానిసల చట్టం ప్రకారం తిరిగివ్వమన్నాడు. కోటలో ఉన్న జనరల్ బట్లర్ వృత్తిరీత్యా వకీలు. మీది వేరే దేశమని మీరే అంటున్నారు, మా చట్టం మీకెలా వర్తిస్తుంది అన్నాడు. శత్రువు యుద్ధపనికి వాడే సామగ్రి కింద జప్తు చేశాడు. మనిషిని సామగ్రి అనడం ఎంత వికారమైనా ఆ వాదన పనిచేసింది: జులై చివరికి కోటలో 900 మంది పోగయ్యారు, ఆగస్టు 6న ఉత్తరాది కాంగ్రెస్ దాన్నే చట్టం చేసింది.

అందరిలోకీ గొప్ప సాహసం రాబర్ట్ స్మాల్స్‌ది. చార్లెస్టన్ రేవులో దక్షిణాది సైన్యం వాడుతున్న 'ప్లాంటర్' ఆవిరి ఓడకు చుక్కాని పట్టేవాడు. 1862 మే 13 తెల్లవారుజామున తెల్ల అధికారులు ఒడ్డున పడుకున్న వేళ, తోటి బానిస సిబ్బందితో ఓడ కదిపి, ఇంకో రేవులో కుటుంబాలను ఎక్కించుకున్నాడు. కెప్టెన్ గడ్డిటోపీ పెట్టుకుని, సమ్టర్ కోట దగ్గర ఇవ్వాల్సిన ఈల గుర్తు ఇచ్చి, ఫిరంగుల కిందుగా దాటి, తెల్లదుప్పటి ఎగరేసి 16 మందితో ఉత్తరాది నౌకలకు అప్పగించాడు. తర్వాతి కాలంలో అమెరికా కాంగ్రెస్ సభ్యుడయ్యాడు.

మరి తుపాకీ? 1864 జనవరిలో దక్షిణాది జనరల్ క్లీబర్న్ బానిసలకు విముక్తి ఇచ్చి సైన్యంలో చేర్చుకుందామంటే దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ ఆ కాగితాన్ని బయటికి రానివ్వలేదు. ఏడాది తర్వాత జార్జియా నాయకుడు హొవెల్ కాబ్ యుద్ధమంత్రికి రాశాడు: బానిసలు మంచి సైనికులైతే బానిసత్వం గురించి మన సిద్ధాంతమంతా తప్పే. వేలమంది అప్పటికే పోరాడుతుంటే 1865లో ఈ రాద్ధాంతం ఎందుకు జరుగుతుంది? మార్చి 13 చట్టం కూడా యజమాని హక్కును ముట్టుకోలేదు. పది రోజుల తర్వాత సైన్యం ఉత్తర్వు యజమాని రాతపూర్వక విముక్తి కోరింది. రిచ్మండ్‌లో కొన్ని డజన్లమంది కవాతు చేశారు. ఏప్రిల్ 3న నగరం పడిపోయింది. ముందుగా ప్రవేశించిన ఉత్తరాది దళాల్లో నల్లజాతి రెజిమెంట్లున్నాయి. ఉత్తరాది సైన్యంలో మొత్తం చేరిన నల్లవాళ్ళు దాదాపు 1,79,000.

యుద్ధం తర్వాత మిసిసిపీ 1888లో, టెనెసీ 1921లో, దక్షిణ కరొలినా 1923లో, వర్జీనియా 1924లో, ఉత్తర కరొలినా 1927లో వెంట వెళ్ళిన ముసలివాళ్ళకు కొద్దిపాటి పింఛను ఇచ్చాయి. 'నల్ల కాన్ఫెడరేట్ల' వాదానికి పెట్టుబడి ఈ కాగితాలే. మిసిసిపీ ఫారం శీర్షికలోనే 'సేవకుడు' అని ఉంటుంది: నువ్వు ఎవరి సేవకుడివి, నీ యజమాని ఏ రెజిమెంటు అని అడుగుతుంది.

ఫొటోలదీ అదే దారి. కాన్ఫెడరేట్ దళమని తిరిగే ఒక గ్రూపు ఫొటో నిజానికి ఫిలడెల్ఫియాలో తీసిన ఉత్తరాది నల్ల సైనికులది. అంచున నిలబడ్డ తెల్ల ఆఫీసరును కత్తిరించి శీర్షిక మార్చారు. ఆయుధాలతో పక్కపక్కన కూర్చున్న ఆండ్రూ చాండ్లర్, సైలస్ చాండ్లర్ ఫొటో మాత్రం అసలుదే. అందులో ఆండ్రూ సిపాయి, సైలస్ అతని కుటుంబపు బానిస. 1994లో సైలస్ సమాధి మీద దక్షిణాది సైనికులకు గౌరవంగా పెట్టే కాన్ఫెడరేట్ శిలువ పెడితే, అతని వారసులు కొందరు తీసేయమని అడిగారు. ఆ ఫొటో 2014 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది.