జాతీయవాదులే కుట్ర కథలు నమ్ముతారా? అపోహలు – వాస్తవాలు

"సారూ, మా వాడు పొద్దస్తమానం దేశం, దేశం అంటున్నాడు. ఫోనులో వచ్చిందల్లా నమ్ముతున్నాడు. చెయ్యి దాటిపోయాడంటారా?" హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు రాజనీతిశాస్త్రం చెప్పే నన్ను ఎన్నికల ముందు ఎవరో ఒక తల్లి ఈ మాట అడుగుతూనే ఉంటుంది.

అపోహ: కుట్ర కథలు నమ్మేది జాతీయవాద ఓటర్లే.

వాస్తవం: ఏ జెండా పట్టినా, ఓడినవారికి కుట్ర త్వరగా కనిపిస్తుంది. 2009లో బీజేపీ ఓడినప్పుడు ఓటింగ్ యంత్రాలను శంకించి, కాగితపు బ్యాలెట్ కావాలన్నది అద్వానీ. 2017లో ఉత్తరప్రదేశ్‌లో అదే పార్టీ గెలిచేసరికి ఆ అనుమానం మాయావతి నోట వినిపించింది. నేను పోలింగ్ కేంద్రం బాధ్యత చూసే ప్రిసైడింగ్ అధికారిగా కూర్చున్న ప్రతిసారీ పోలింగుకు ముందు అభ్యర్థుల ఏజెంట్ల ఎదుట కనీసం 50 నమూనా ఓట్లు వేయించి, ఓటు ఎవరికి పడిందో అచ్చువేసి చూపే వీవీప్యాట్ చీటీలతో సరిచూపించాను. సాయంత్రం పోలైన ఓట్ల లెక్కను 17సీ ఫారంలో రాసి వాళ్ల చేతికే ఇచ్చాను. ఆ కాగితాన్ని మడిచి జేబులో పడేసి, ఫలితాల నాడు మోసం మోసం అని అరిచేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ అపోహ ఇళ్లలో మనుషులను దూరం చేస్తుంది. మన జాతీయగీతాన్ని ప్రపంచంలోకెల్లా ఉత్తమమైనదిగా యునెస్కో ప్రకటించిందన్న సందేశాన్ని మా మామగారు నమ్మారు. యునెస్కో అలా ఎన్నడూ ప్రకటించలేదు. దసరా నాడు పదిమంది ముందు ఆ సంగతి కటువుగా చెప్పాను. ఆయన విస్తరి ముందు నుంచి లేచిపోయారు. జెండా ఎగరేసేటప్పుడు గొంతు పూడుకుపోయే మనిషి ఆయన. నేను సందేశాన్ని తప్పన్నాను, ఆయనకు తన దేశాభిమానాన్నే తప్పన్నట్టు వినిపించింది. మళ్లీ మాట కలవడానికి సంక్రాంతి రావలసి వచ్చింది.

చదువుకున్నవారు నమ్మరన్నదీ అపోహే. 2016లో రెండు వేల నోటులో చిప్ ఉందని నాతో వాదించినవారిలో పీజీ చేసినవారున్నారు. ఆ నోటులో ఏ చిప్పూ లేదు. పుకారుతో ఏమవుతుందిలే అనేవారు 2018ని గుర్తుచేసుకోవాలి. పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న పుకారుకు మన రాష్ట్రంలోనే అమాయకులను కొట్టి చంపారు.

ఆ తల్లితో ఇలా అన్నాను: "అమ్మా, పిల్లవాడు చెడిపోలేదు. దేశం మీద ప్రేమను తప్పుపట్టకండి. ఈ సందేశం ఎవరు పంపారు, వాళ్లకెలా తెలుసు అని మాత్రం అడగండి. అదీ నలుగురిలో వద్దు. అన్నం పెట్టి, పక్కన కూర్చుని అడగండి."