సైనిక పిడిలోని సమురాయ్ కత్తి: అపోహలు - వాస్తవాలు

అపోహ: జపాను సైనిక పిడి ఉన్నదంటే లోపలిది ఫ్యాక్టరీ కత్తే.

వాస్తవం: జపాను సైన్యం 1934లో పాశ్చాత్య తరహా పిడిని విడిచిపెట్టి, పూర్వకాలపు తాచి ఖడ్గాన్ని పోలిన కొత్త నమూనాను అధికారులకు నిర్దేశించింది. అధికారులు తమ ఖడ్గాన్ని సొంత ఖర్చుతో సమకూర్చుకోవలసి వచ్చేది కనుక, ఇంట్లో పూర్వీకుల కత్తి ఉన్నవారిలో కొందరు దానికే చెర్రీ పూల నగిషీ గల సామగ్రిని, కొత్త ఒరను అమర్పించుకున్నారు. అందువల్ల 1940 నాటి పిడిలో నాలుగైదు వందల ఏళ్ల కత్తి కనిపించడం అసాధ్యమేమీ కాదు.

అపోహ: అయితే ప్రతి సైనిక ఖడ్గమూ వంశపారంపర్యంగా వచ్చినదే.

వాస్తవం: ఎక్కువ భాగం షోవా కాలంలో, అంటే 1926 తరువాత తయారైనవే. 1935 నమూనా ఖడ్గం అధికారుల కంటే దిగువ హోదాలోని సార్జెంట్ల వంటి వారి కోసం యంత్రాలపై చేసినది. దాని లోహపు పిడి మీద గుడ్డపట్టీ చుట్టినట్లు కనిపించేది అచ్చులో పోసి రంగు వేసిన ఆకారం మాత్రమే, కత్తి మీద వరుస సంఖ్య కూడా ఉంటుంది. దానిలో పాత కత్తిని వెతకడం వృథా ప్రయాస.

అపోహ: పేరున్న కమ్మరి సంతకం కనిపిస్తే కత్తి ఆయనదే.

వాస్తవం: ప్రసిద్ధుల పేర్లను దొంగ సంతకాలుగా చెక్కడం జపానులో శతాబ్దాలుగా ఉన్నదే. అందుకే కత్తులను పరిశీలించే మేము మొదట చదివేది సంతకాన్ని కాదు, ఆ సంతకం చెక్కే నకాగోను, అంటే పిడి లోపల దాగి ఉండే కత్తి తోక భాగాన్ని, దాని తుప్పును. పిడికి అడ్డంగా దిగిన వెదురు మేకును సన్నని కొన వైపు నుంచి మెల్లగా నెట్టి తీస్తే పిడి ఊడివస్తుంది. పాత కత్తి నకాగో ముదురు గోధుమ, నలుపు కలిసిన రంగులో, ఆకురాయి గీతలు సగం అరిగి, లోతుగా స్థిరపడి ఉంటుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలపుదైతే గీతలు పదునుగానే ఉండి తుప్పు పలుచగా కనిపిస్తుంది, ఒక్కోసారి కర్మాగారపు తనిఖీ ముద్ర కూడా ఉంటుంది. మేకు రంధ్రాలు రెండు మూడు ఉంటే పిడి మారిందనే అనుమానం బలపడుతుంది గానీ, అదొక్కటే రుజువు కాదు. పొడవు తగ్గించడానికి నకాగోను కత్తిరించినప్పుడు సంతకం పోయిన మంచి కత్తులు కూడా అనేకం ఉన్నాయి కనుక, సంతకం లేదని తీసిపారేయడం కూడా తొందరపాటే.

అపోహ: ఆ తుప్పును రుద్ది శుభ్రం చేస్తే సంతకం బాగా కనిపిస్తుంది.

వాస్తవం: కనిపించవచ్చు గానీ వయసుకు ఉన్న ముఖ్య సాక్ష్యం పోతుంది, అది మళ్లీ రాదు. గరుకు కాగితంతో తళతళలాడేలా తోమిన నకాగోను చూసినప్పుడు కలిగే బాధ ఈ పనిలో ఉన్నవారికే తెలుస్తుంది. కత్తి ముఖానికి సన్నని పొర నూనె పట్టించి, నకాగోను ముట్టకుండా వదిలేయడమే క్షేమం.

అపోహ: లోపల పాత కత్తి దొరికితే సైనిక సామగ్రితో పని లేదు.

వాస్తవం: 1945లో జపాను సేనలు లొంగిపోయిన తరువాత బర్మా, మలయా రంగాల నుంచి ఇటువంటి ఖడ్గాలు బ్రిటిష్, భారతీయ సైనికుల చేతుల్లోకి వచ్చాయి. వాటిలో చాలావాటికి వెంట ఏ కాగితమూ లేదు. ఆ స్థితిలో పిడి కొనకున్న లోహపు టోపీ మీద అతికించిన చిన్న వెండి కుటుంబ చిహ్నమే దానిని ధరించిన అధికారి ఏ వంశం వాడో వెతకడానికి మిగిలే ఏకైక ఆధారం కావచ్చు. పిడి పట్టీ చిరిగిపోయినా, ఒర రంగు రాలిపోయినా, ఆ భాగాలన్నిటినీ కత్తితోపాటే ఉంచాలి.