ఇంట్ మ్యాక్స్ అని మనం తిట్టుకునే 2147483647 వెనక కథ

బెంగళూరులో మారతహళ్లి, బెల్లందూరు సైడు ఐటీ ఆఫీసుల్లో మనోళ్లకి 2147483647 కనపడిందంటే ఎక్కడో కొంప మునిగినట్టే. మామూలుగా జరిగేదేంటంటే, ఎవరో కస్టమర్ మొబైల్ నంబర్ కాలమ్‌ని ఇంట్ (32 బిట్లలో పట్టే పూర్ణాంకం) అని పెట్టేస్తారు, మన నంబర్లేమో 6, 7, 8, 9తో మొదలయ్యే పది అంకెలవి, అందులో పట్టవు, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో స్ట్రిక్ట్ మోడ్ (పట్టని విలువల్ని ఒప్పుకోని సెట్టింగు) ఆఫ్‌లో ఉంటే ఎర్రర్ ఇచ్చి ఆపకుండా తనకి పట్టే అతి పెద్ద విలువ రాసేసి ఊరుకుంటుంది, పొద్దున చూస్తే కస్టమర్లందరికీ ఒకటే ఫోన్ నంబర్!

"ఈ 214 నంబర్ ఎవడిదిరా?"
"ఎవడిదీ కాదు మావా, ఇంట్ మ్యాక్స్ అది."

అది 2^31 − 1, అంటే ఇంట్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య. పైగా ప్రైమ్ (1, తను తప్ప ఇంకేదీ శేషం లేకుండా భాగించలేనిది). కంప్యూటర్ పుట్టక ముందు నుంచే దీని మీద గొడవ ఉంది.

ఇలా 2^n − 1 రూపంలో ఉండే ప్రైమ్ ఒకటి దొరికితే దాన్నుంచి ఒక పరిపూర్ణ సంఖ్య (6, 28 లాగా తను కాక మిగతా భాజకాలన్నీ కూడితే తనే వచ్చేది) వస్తుందని ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ ఎప్పుడో చెప్పాడు, అందుకే అంత మోజు. 1603లో ఇటలీ ఆయన కటాల్డీ ఆ n (ఘాతం) 23, 29, 31, 37 అయినా ప్రైమే వస్తుందని రాసేశాడు. 1640లో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా 2^23 − 1ని 47, 2^37 − 1ని 223 శేషం లేకుండా భాగిస్తాయని చూపించాడు, 29ని తర్వాత స్విస్ గణితవేత్త ఆయిలర్ ఎగరగొట్టాడు. మిగిలింది 31.

దాన్ని 1772లో ఆయిలరే తేల్చాడు, అదీ అప్పటికి చూపు దాదాపు పోయాక. వర్గమూలం 46,340 దాకా ఉన్న ప్రైమ్‌లన్నిటితో భాగిస్తూ కూర్చోలేదు, దీనికి భాజకం అంటూ ఉంటే 248తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ రావాలని ముందే పట్టుకున్నాడు, దాంతో చూడాల్సినవి చాలా కొద్దే మిగిలాయి. నాకైతే జవాబు కన్నా ఈ ట్రిక్కే నచ్చుతుంది.

1811లో బార్లో అనే ఇంగ్లీషు గణితవేత్త, దీన్నుంచి వచ్చే పరిపూర్ణ సంఖ్యే ఎప్పటికీ ఆఖరుది, ఇవి వింతకే తప్ప పనికి రావు కాబట్టి ఇంకెవరూ వెతకరు అని రాశాడు. పాపం. 1876లోనే ఫ్రెంచి గణితవేత్త లూకా 2^127 − 1 ప్రైమ్ అని చేత్తో లెక్కేసి నిరూపించాడు.

ఇంట్ లిమిట్ ప్రైమ్ అవ్వడం మాత్రం ఉత్త కాకతాళీయం, 16 బిట్లకి వచ్చే 32767 ప్రైమ్ కాదు, 64 బిట్లకి వచ్చే 2^63 − 1 కూడా కాదు, దాన్ని 7 భాగిస్తుంది. కానీ అది పనికొచ్చిన చోటు ఉంది, ర్యాండమ్ నంబర్లు. పాత సంఖ్యని 16807తో గుణించి 2147483647తో భాగించి శేషం తీసుకుంటూ పోతే, అది ప్రైమ్ కాబట్టి, 16807 దానికి సరిపడే గుణకం కాబట్టి, 1 నుంచి 2147483646 దాకా ప్రతి సంఖ్యా ఒక్కోసారి వచ్చాకే మొదటిది మళ్లీ వస్తుంది. పార్క్, మిల్లర్ అనే కంప్యూటర్ పరిశోధకులు 1988లో ర్యాండమ్ నంబర్లకి దీన్నే కనీస ప్రమాణంగా పెట్టుకోమన్నారు, సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామింగ్ భాష స్టాండర్డ్ లైబ్రరీలో ఇప్పటికీ ఉంది.