గోరింటాకు చేతుల బుజ్జికి

బుజ్జీ, చిన్నోడా,

ఉత్తరం అందిందమ్మా. ఆషాఢమని అమ్మమ్మ పెట్టిన గోరింటాకు చూసి, యూనిఫాం రూలు తప్పావంటూ క్లాసు బయట నిలబెట్టారని రాశావు. మీ అమ్మమ్మ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. కడిగితే పోయేదా అది?

నలభై అయిదేళ్లుగా అమలాపురంలో స్కూలు బట్టలు కుడుతున్నాను. యూనిఫాం వద్దని నేనెలా అంటాను? నా చిన్నప్పుడు మా బడిలో అది లేదు. కామందు గారబ్బాయి టెర్లిన్ చొక్కా వేసుకొచ్చిన రోజు మా బెంచీలో ఎవరికీ పాఠం ఎక్కలేదు. నాకున్నవి రెండు చొక్కాలు. ముసురు పడితే మా అమ్మ పొయ్యి సెగకి ఆరబెట్టేది, పొగ వాసనతోనే బడికి వెళ్లేవాణ్ణి.

అయితే యూనిఫాంతో పేదా గొప్పా తేడా పోతుందంటారే, అది సగమే నిజం. అందరిదీ ఒకే రంగైనప్పుడే వెలిసిపోయిన చొక్కా ఇట్టే దొరికిపోతుంది. జూన్ వస్తే తల్లులు "మడత ఎక్కువ వదలండి, పై ఏడాదికీ రావాలండి" అనేవారు. మరుసటేడు ఆ మడత విప్పితే కింద ముదురు రంగు గీత. ఆ గీత చూస్తే ఇంటి సంగతి తెలిసిపోయేది. 2020లో విద్యా కానుకతో సర్కారు బడుల పిల్లలకి మూడు జతల బట్ట ఇవ్వడం మొదలయ్యాక ఆ గీతలు తగ్గాయి.

బడి పెట్టిన రూలు పిల్లల మనసు దాకా పోవచ్చా అన్నది పెద్ద కోర్టుకే వెళ్లింది. 1985లో కేరళలో ముగ్గురు తోబుట్టువులు తమ మత నమ్మకం వల్ల జాతీయగీతం పాడలేదు. కానీ మర్యాదగా లేచి నిలబడ్డారు. అయినా బడి నుంచి తీసేశారు. 1986లో సుప్రీంకోర్టు వాళ్లని మళ్లీ చేర్చుకోమంది. తీర్పు రాసిన జస్టిస్ చిన్నపరెడ్డి మన తెలుగాయనే. 2022లో కర్ణాటక హిజాబ్ కేసు వచ్చేసరికి అదే కోర్టులో ఇద్దరు జడ్జీలది చెరో మాట అయింది. క్లాసులో హిజాబ్ వేసుకోకూడదన్న నిషేధం సరే అన్నారు జస్టిస్ హేమంత్ గుప్తా. జస్టిస్ ధూలియా ఆ ఆడపిల్లల చదువు సంగతేమిటని చూశారు. కొలత సరిగ్గా తీసింది ఆయనేనని నాకనిపించింది.

నీ గోరింటాకు వల్ల ఎవరి పాఠమూ ఆగలేదు కదా. అమ్మని వెంటబెట్టుకుని వెళ్లి, ఈ రూలు ఎక్కడ రాసి ఉందండీ అని నెమ్మదిగా అడుగు. ఏడవకు.

చిన్నోడా, దీన్ని అడ్డం పెట్టుకుని నీ కోడిజుట్టు కటింగుకి నన్ను సాక్ష్యం పిలవకు. అందులో మీ నాన్నదే తీర్పు.

నా మిషను దగ్గర అందరిదీ ఒకటే గుడ్డ, అడిగేవి మాత్రం వేరు. మగపిల్లలకి గోళీల కోసం లోతైన జేబు కావాలి. ఓసారి రేవు దాటి వచ్చే లంక పాప ఒకతి, పడవ డబ్బులు దాచుకోడానికి గౌనుకి జేబు పెట్టమంది. ఆడపిల్లకి జేబేంటన్నాడు వాళ్ల నాన్న. నేను పక్క కుట్టు లోపల, పైకి కనబడకుండా పెట్టేశాను.

బాగా పొడుగయ్యావంట కదా బుజ్జీ, కొత్త కొలతలు పంపు. జేబు కుడివైపో ఎడమవైపో కూడా రాయి.

మీ తాతయ్య