నిమ్మరసానికి నురగలెత్తిన ఇసుక

కరీబియన్ సముద్రంలోని గ్రాండ్ కేమన్ ద్వీపంలో సెవెన్ మైల్ బీచికి చేరిన తొలి సాయంత్రమే మా అయిదుగురు మిత్రుల మధ్య ఇసుక గురించి చర్చ మొదలయింది. ఒకే హాస్టల్లో నాలుగేళ్లు చదువుకొని, ఉద్యోగాల రీత్యా అమెరికాలోని వేర్వేరు నగరాల్లో స్థిరపడిన మేము చాలా ఏళ్ల తరువాత కలిసి చేసిన ప్రయాణం అది. విశాఖ, బాపట్ల, కోనసీమ ప్రాంతాల వాళ్లం కనుక సముద్రతీరం మాకు కొత్త కాదు. కాని మిట్టమధ్యాహ్నం ఎండలో చెప్పులు విప్పి నడిచినా అరికాళ్లు చురుక్కుమనని ఇసుక మాత్రం మా అందరికీ కొత్తే.

వేయించిన చేపతోపాటు పళ్లెంలో పెట్టిన నిమ్మచెక్కను మాలో ఒకడు చెంచాలోకి తీసుకున్న చిటికెడు ఇసుక మీద పిండాడు. ఇసుక రేణువుల నడుమ నుంచి సన్నని బుడగలు పైకి లేచాయి. వాళ్ల తాతగారు ఒకప్పుడు గుల్ల సున్నం కాల్చే బట్టీ నడిపేవారట. "ఒరేయ్, ఇది ఇసుక కాదురా, మా తాత బట్టీలో పడవలసిన గుల్ల" అన్నాడు. రసాయన శాస్త్రం ప్రకారం అతడు అన్నది అక్షరాలా నిజం. ఆల్చిప్పలు, నత్తగుల్లలు, పగడాలు అన్నీ కాల్షియం కార్బొనేట్‌తో తయారయినవే. దాన్ని బట్టీలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు విడిపోయి కాల్చిన సున్నం మిగులుతుంది. ఆమ్లం తగిలితే అదే వాయువు వేడి అవసరం లేకుండానే బుడగలుగా బయటపడుతుంది. మన గోదావరి ఇసుక మీద ఎంత నిమ్మరసం పిండినా, అందులో గుల్లల పొడి కలిసి ఉంటే తప్ప, ఒక్క బుడగ కూడా రాదు.

ఈ తేడాకు కారణం రెండు ఇసుకల పుట్టుకలోనే ఉంది. త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించే గోదావరి దారి పొడవునా కొండరాళ్లను అరగదీసి, ఆ రజనును సముద్రానికి చేరుస్తుంది. అంత దూరం దొర్లినా కరగకుండా, అరగకుండా మిగిలేది ప్రధానంగా క్వార్ట్జ్ అనే గట్టి ఖనిజం. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ కొలబద్ద మీద దాని స్థానం 7. ఒక క్వార్ట్జ్ రేణువు ఒక కొండ నుంచి రాలి, ఇసుకరాయిగా బిగిసి, మళ్లీ విడిపోయి, ఇంకొక తీరానికి చేరుతూ కోట్ల సంవత్సరాలు నిలవగలదు. విశాఖ తీరంలో దీనికి తోడుగా తూర్పు కనుమల రాళ్ల నుంచి వచ్చిన గార్నెట్, ఇల్మెనైట్ వంటి ముదురు రంగు ఖనిజాలు కలుస్తాయి. అందుకే అక్కడి ఇసుకలో ఎర్రని, నల్లని చారలు కనిపిస్తాయి, వేసవి ఎండకు ఆ ఇసుక అంతగా కాలుతుంది. తెల్లని కార్బొనేట్ ఇసుక ఎండలో ఎక్కువ భాగాన్ని తిప్పికొడుతుంది కనుక మా అరికాళ్లు బతికిపోయాయి.

గ్రాండ్ కేమన్‌లో నది అనేదే లేదు. సముద్రగర్భంలోని ఒక పర్వతశ్రేణి శిఖరం మీద సున్నపురాయి టోపీలా ఉండే ఈ ద్వీపంలో అత్యంత ఎత్తయిన ప్రదేశం కూడా సుమారు 20 మీటర్లే. కురిసిన వాన ఆ రాతి రంధ్రాల గుండా నేరుగా భూమిలోకి ఇంకిపోతుంది. దక్షిణాన కొద్ది దూరంలోనే 7,600 మీటర్ల లోతును మించిన కేమన్ అగాధం ఉంది. బురద తెచ్చే నది లేకపోవడం వల్లనే అక్కడి నీరు అంత తేటగా ఉంటుంది. ఆ తేటనీటి గుండా దిగిన వెలుతురు తెల్లని ఇసుక మీద పడి తిరిగి పైకి రావడం వల్లనే ఆ నీలిపచ్చ రంగు. అదే సముద్రంలో అగ్నిపర్వతాలు నిలిపిన సెయింట్ విన్సెంట్, మోంట్సెరాట్ ద్వీపాల్లో నల్లని ఇసుక తీరాలు ఉన్నాయి. గ్రాండ్ కేమన్‌కు అగ్నిపర్వతం బూడిదా లేదు, నది తెచ్చే కొండరాయి పొడీ లేదు. అక్కడి ఇసుక అక్కడే, ద్వీపం చుట్టూ ఉన్న పగడపు దిబ్బల్లోనే తయారు కావాలి.

మరునాడు ఉదయం భూతద్దం కింద చూస్తే అది ఎవరు తయారుచేశారో కొంత తెలిసింది. నదీ ఇసుకలోని గాజుముక్కల వంటి రేణువులకు బదులు అక్కడ ఆకారాలు కనిపించాయి: నత్తగుల్లల చుట్టల తునకలు, పగడాల సూక్ష్మమైన గదులు, సుద్దపొడి పూసినట్టుండే తెల్లని పలచని రేకులు. ఆ రేకులు జంతువులవి కావు, హలిమెడా అనే పచ్చని నాచువి. దాన్ని నీటిలో చూస్తే నాగజెముడు మొక్కను బొమ్మంత చేసి పెట్టినట్టు, చిన్న చిన్న బిళ్లలు ఒకదాని కొసన ఒకటి అతుక్కొని ఉంటాయి. ప్రతి బిళ్లలోనూ ఆరగొనైట్ అనే రూపంలో సున్నం పేరుకొని ఉంటుంది. కొత్త బిళ్ల రాత్రిపూట తెల్లగా పుడుతుంది. ఆకుపచ్చని పత్రహరిత రేణువులు అందులోకి చేరి తెల్లవారే సరికి అది పచ్చబడుతుంది, ఆపైన సున్నం పట్టడం మొదలవుతుంది. మెత్తని లేత భాగాన్ని చేపలు మేయని రాత్రివేళ పెంచుకొని, పగటికి గట్టిపడే ఈ పద్ధతి నన్ను ఎంతో ఆకట్టుకొంది. మొక్క చనిపోగానే బిళ్లలు విడిపోయి ఇసుకలో కలిసిపోతాయి. కరీబియన్ తీరాల ఇసుకలో హలిమెడా వాటా చాలాచోట్ల పెద్దదే, కాని బీచిలో పడుకున్న వారిలో దాని పేరు తెలిసినవారు అరుదు.

ఇక చిలుకచేప సంగతి. స్నార్కెల్ గొట్టం నోట పెట్టుకొని పగడపు దిబ్బ మీదుగా ఈదుతున్నప్పుడు మొదట వినిపించేది దాని చప్పుడు. ఎవరో పక్కనే గట్టి జంతికలు కొరుకుతున్నట్టు కరకరమని నీటిలో స్పష్టంగా వినిపిస్తుంది. పళ్లన్నీ కలిసిపోయి చిలుక ముక్కులా ఏర్పడడం వల్ల ఈ చేపకు ఆ పేరు వచ్చింది. పసిఫిక్ సముద్రపు చిలుకచేప ఒకదాని పళ్లను పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఆ ముక్కులో సుమారు 1,000 పళ్లు 15 వరసల్లో అమరి ఉంటాయి, అరిగిన వాటి స్థానంలోకి వెనుక వరస వస్తుంది. ఆ పళ్ల పింగాణీ పొరలో ఫ్లోరపటైట్ అనే ఖనిజపు స్ఫటికాలు మగ్గం మీద నేసినట్టు అల్లుకొని ఉండడం వల్ల రాయిని కొరికినా పగలదు. కొరికిన ముక్కలను గొంతులోని మరొక జత దవడలు తిరగలిలా విసురుతాయి. ఈ చేపకు జీర్ణాశయం లేదు; విసిరిన పిండి నేరుగా పేగులోకి పోతుంది, పోషకాలు ఒంటికి పడతాయి, సున్నం తెల్లని ఇసుకగా వెనుక నుంచి బయటికి వస్తుంది. మా ముందే ఒక చేప అలా తెల్లని మేఘం వదిలి వెళ్లినప్పుడు మేమంతా నీళ్లలోనే ఆగిపోయాం.

చిలుకచేప పగడాన్ని తినడానికి రాయిని కొరుకుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి దానికి ఎక్కువగా కావలసింది చనిపోయిన పగడపు రాతి మీదా, ఆ రాతి లోపలా పెరిగే నాచు, సయనోబాక్టీరియా వంటి సూక్ష్మజీవులు. రాయి వాటితోపాటు వచ్చే తప్పనిసరి భారం. కరీబియన్‌లో తరచుగా కనిపించే స్టాప్‌లైట్ చిలుకచేప తొలిదశలో ఎరుపు, గోధుమ రంగుల్లో ఉంటుంది. పెద్దదయ్యాక కొన్ని ఆడచేపలు మగవిగా మారి పచ్చరంగు తొడుక్కుంటాయి. పసిఫిక్‌లోని మూపుతల చిలుకచేప ఒక్కటే ఏడాదికి 5 టన్నులకు పైగా పగడపు రాయిని కొరుకుతుంది. కరీబియన్ చేపలు అంత పెద్దవి కావు, అక్కడ అన్నిటికన్నా పెద్దదయిన రెయిన్‌బో చిలుకచేప కూడా సుమారు 1.2 మీటర్లు, 20 కిలోల దగ్గర ఆగిపోతుంది. మాల్దీవులలోని ఒక ద్వీపం చుట్టూ లెక్కగట్టినప్పుడు కొత్తగా పుట్టే ఇసుకలో 85 శాతానికి పైగా చిలుకచేపల వల్లనే వస్తున్నట్టు తేలింది. ఆ అంకెను తీసుకొచ్చి కరీబియన్‌కు అంటగట్టడం తప్పవుతుంది. ఇక్కడ ఒక్కొక్క తీరానికి హలిమెడా, పగడాలు, గుల్లలు, చేపలు కలిసే పాళ్లు వేరు.

ఆరగొనైట్ కాఠిన్యం మోస్ కొలబద్ద మీద 4 దగ్గరే. అలల్లో దొర్లే కొద్దీ అది క్వార్ట్జ్ కన్నా ఎంతో త్వరగా అరిగి, మెత్తని పొడి అయి, లోతు నీటిలోకి కొట్టుకుపోతుంది. అంటే క్వార్ట్జ్ తీరం తాతల నాటి ఆస్తి వంటిదయితే, పగడపు ఇసుక తీరం రోజుకూలీ సంపాదన వంటిది. ఈ నెల వచ్చింది ఈ ఏడాదికి, ఈ ఏడాది వచ్చింది ఆ తరువాతి కొన్నేళ్లకు. దిబ్బలో బతుకు ఆగిపోతే తీరంలో రాబడి ఆగిపోతుంది, ఖర్చు మాత్రం ఆగదు.

ఆ రాబడికి దెబ్బ తగలడం నాలుగైదు దశాబ్దాల కిందటే మొదలయింది. 1970ల చివర నుంచి తెల్లపట్టీ తెగులు కొమ్మల పగడాలను తుడిచిపెట్టింది. 1983 జనవరిలో పనామా దగ్గర నల్లని పొడవాటి ముళ్లుండే సీ అర్చిన్‌లు చనిపోవడం మొదలయి, ఏడాదికి కాస్త అటూ ఇటూగా కరీబియన్ అంతటా వ్యాపించి, వాటిలో 90 శాతానికి పైగా నశించాయి. రాత్రంతా రాళ్ల మీది నాచును గీకి తినే ప్రాణులవి. అవి పోయాక రాళ్లను శుభ్రంగా ఉంచే పని దాదాపు పూర్తిగా చిలుకచేపల మీద పడింది, కాని వాటిని అప్పటికే చాలా ద్వీపాల్లో తీగవల బోనులతో పట్టి తినేశారు. నాచు కమ్మిన రాయి మీద పగడపు పిల్ల అంటుకోలేదు. మూడు దశాబ్దాల్లో కరీబియన్ దిబ్బల మీద సజీవ పగడాల విస్తీర్ణం సగటున సుమారు 50 శాతం నుంచి 10 శాతానికి పడిపోయిందని 2003లో ప్రచురించిన సమీక్ష చూపించింది. ఆ 10 శాతం అనే అంకె దగ్గరే ప్రమాదం ఉంది: అంతకన్నా తగ్గితే దిబ్బ పెరిగే వేగాన్ని అరిగే వేగం మించిపోయే అవకాశం ఎక్కువ. ఆపైన వేడెక్కిన నీటికి పగడాలు తెల్లబారిపోవడం, 2014లో ఫ్లోరిడా దగ్గర బయటపడి దక్షిణానికి పాకిన పగడాల కణజాల తెగులు, 2022లో సీ అర్చిన్‌లకు మళ్లీ వచ్చిన మహమ్మారి. ఈ చివరిదానికి కారణం ఒక ఏకకణ జీవి అని మరుసటి ఏడాదే తేల్చగలిగారు.

చిలుకచేప ఇలా రాయిని కొరుకుతుంది కదా, దిబ్బకు అది శత్రువు కాదా అని మా మిత్రుడొకడు అడిగాడు. దిబ్బ ఆరోగ్యంగా పెరుగుతున్నంత కాలం అది కొరికే మేర కన్నా పెరిగే మేర ఎక్కువ. పైగా కొరికిన చోట నాచు పోయి కొత్త పగడానికి పీట దొరుకుతుంది. ఈ వాదనను నమ్మి కరీబియన్ తీరంలోని బెలీజ్ దేశం 2009లో, బొనైర్ ద్వీపం 2010లో చిలుకచేపల వేటను నిషేధించాయి. అన్ని ద్వీపాలకూ ఇది సులభం కాదు. జమైకాలో అది సామాన్యుల భోజనం. బోను ఎత్తి ఇంటికి చేప తెచ్చుకొనే జాలరిని తప్పుపట్టడానికి మూడు రోజుల విహారానికి వచ్చిన నాకు మనసు ఒప్పలేదు. కాని డబ్బుపెట్టి ఏ చేపనయినా తెప్పించుకోగలిగిన యాత్రికుడు దాన్ని పళ్లెంలోకి కోరడం మాత్రం నాకు సమ్మతం కాదు, ఆ మాట మిత్రులకు గట్టిగానే చెప్పాను.

వేట ఆపితే చాలదు. రెయిన్‌బో చిలుకచేప పిల్లలు మడ అడవుల వేళ్ల మధ్య పెరిగి, పెద్దవయ్యాకే దిబ్బ దగ్గరికి వస్తాయి. మడచెట్లు నరికేసిన చోట్ల అవి కనిపించకుండా పోయాయి. గ్రాండ్ కేమన్ మధ్యభాగంలో విస్తారమైన మడ అడవి ఇప్పటికీ ఉంది, చుట్టూ భవనాలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి.

చివరి రోజున మేము బీచి వెంట దక్షిణానికి నడుచుకుంటూ పోయాం. ఉత్తరాన వెడల్పుగా పరచుకొన్న ఇసుక క్రమంగా సన్నబడి, ఒకచోట పూర్తిగా లేకుండా పోయింది. నీటి అంచుకు దగ్గరగా కట్టిన కాంక్రీటు గోడలను అలలు నేరుగా కొడుతున్నాయి. ఏటవాలు ఇసుక మీద పాకిన అల తన బలాన్ని అక్కడే పోగొట్టుకుంటుంది. నిలువు గోడను కొట్టిన అల అదే బలంతో వెనక్కి తిరిగి, గోడ మొదట్లోని ఇసుకను తోడుకుపోతుంది. తీరానికి దూరంగా ఉన్న పగడపు దిబ్బ సగటున అల శక్తిలో 97 శాతాన్ని ముందే తగ్గించగలదని వివిధ సముద్రాల కొలతలను కలిపి చేసిన అధ్యయనం చెబుతుంది. దిబ్బ అరిగి కుంగే కొద్దీ ఆ రక్షణ తగ్గుతుంది, గోడ మీది దెబ్బ పెరుగుతుంది, మిగిలిన ఇసుక ఇంకా వేగంగా పోతుంది.

కోనసీమ మిత్రుడు అక్కడ చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డాడు. గోదావరి మీద జలాశయాలు ఒండ్రునూ ఇసుకనూ ఆపేయడం వల్ల డెల్టా తీరం కొన్నిచోట్ల కోసుకుపోవడం అతడు చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. ఒక భవనం ముందు బీచిలోకి దిగడానికి కట్టిన మెట్లు ఇసుక లేక గాలిలో వేలాడుతున్నాయి. అతడు కిందికి దిగి, నడుము లోతు నీటిలో నిలబడి, ఆఖరి మెట్టును చేత్తో అందుకొని, ఇసుక ఒకప్పుడు ఎంత ఎత్తుదాకా ఉండేదో తన ఒంటి మీద కొలిచి చూపించాడు. అది అతడి భుజాల దాకా వచ్చింది.