రెండు ఎయిర్‌లైన్స్ ఒక్కటైతే పైలట్ల సీనియారిటీ లిస్టు ఎలా కలుస్తుంది? అపోహలు - వాస్తవాలు

కమాండ్ అప్‌గ్రేడ్‌కు, అంటే కెప్టెన్ హోదాకు, ముందుగా ఎవర్ని పిలవాలి, చిన్న ఎ320 విమానం నడుపుతున్నవాళ్లలో పెద్ద 787 శిక్షణకు (కన్వర్షన్) ఎవర్ని పంపాలి, శంషాబాద్ బేస్‌లో ఖాళీ వస్తే ఢిల్లీలో ఎదురుచూస్తున్న వాళ్లలో ఇంటికి ముందు ఎవరు రావాలి, మనుషులు ఎక్కువైతే వేటు ముందు ఎవరి మీద పడాలి... ఇలాంటివన్నీ చాలావరకు సీనియారిటీ నంబరును బట్టే నడుస్తాయి. రెండు కంపెనీలు కలిసిన రోజు ఆ నంబరు మారుతుంది. నచ్చక వేరే ఎయిర్‌లైన్‌కు వెళ్లినా, కెప్టెన్‌గానే తీసుకున్నా, అక్కడ సీనియారిటీ అడుగు నుంచే మొదలు.

హైదరాబాద్‌కు ఈ పేచీ కొత్తది కాదు. బేగంపేట కేంద్రంగా ఎగిరిన డెక్కన్ ఎయిర్‌వేస్ 1953 జాతీయకరణలో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 1956 తర్వాత ఆంధ్ర, తెలంగాణ ఉద్యోగుల ఉమ్మడి సీనియారిటీ జాబితాల గొడవ ఎన్నేళ్లు నడిచిందో ఇక్కడి ఉద్యోగుల కుటుంబాలకు తెలుసు. 2007లో ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిశాయి. 2024 అక్టోబరులో పూర్వపు ఎయిర్‌ఏషియా ఇండియా ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్‌లో, నవంబరు 12న విస్తారా ఎయిరిండియాలో కలిశాయి. ఇన్ని చూశాక కూడా అవే అపోహలు తిరుగుతున్నాయి. వాటిని నమ్మి అభ్యంతరాలు రాసేవాళ్లు నష్టపోతున్నారు.

అపోహ: ముందు చేరినవాడే సీనియర్. ఇందులో తేల్చడానికేముంది?

ఒకే కంపెనీలో అయితే ఈ మాట నిజం. రెండు కంపెనీల మధ్య మాత్రం ఇది నాలుగు పద్ధతుల్లో ఒకటి, అంతే. లెక్క వేసి చూస్తే తేడా తెలుస్తుంది.

పెద్ద కంపెనీలో 600 మంది పైలట్లు ఉన్నారనుకోండి: 100 మంది వైడ్‌బాడీ (787 లాంటి పెద్ద విమానాల) కెప్టెన్లు, 200 మంది నారోబాడీ (ఎ320 లాంటి చిన్న విమానాల) కెప్టెన్లు, 300 మంది ఫస్ట్ ఆఫీసర్లు (కో-పైలట్లు). కంపెనీ పుట్టింది 2005లో. చిన్న కంపెనీ పాతది, అందులో 300 మంది: 150 మంది నారోబాడీ కెప్టెన్లు, 150 మంది ఫస్ట్ ఆఫీసర్లు, వైడ్‌బాడీ ఒక్కటీ లేదు. ఈ 300లో 250 మంది 2005కు ముందే చేరారు. ఇప్పుడు చిన్న కంపెనీలో 75వ నంబరు కెప్టెన్, పెద్ద కంపెనీలో 150వ నంబరు కెప్టెన్ 900 మంది ఉమ్మడి లిస్టులో ఎక్కడ పడతారో చూడండి. ఇద్దరూ తమ తమ లిస్టుల్లో సరిగ్గా పావు వంతు దగ్గరే ఉన్నారు.

చేరిన తేదీ ప్రకారం: చిన్న కంపెనీ కెప్టెన్ 75. పెద్ద కంపెనీ కెప్టెన్ 400 లేదా ఇంకా కింద.
లిస్టులో శాతం ప్రకారం: ఇద్దరూ 225 దగ్గర.
హోదా, విమానం రకం ప్రకారం: వైడ్‌బాడీ కెప్టెన్లు 100 మంది పైన నిలుస్తారు. వాళ్ల కింద 350 మంది నారోబాడీ కెప్టెన్లను 4:3 నిష్పత్తిలో కలుపుతారు. చిన్న కంపెనీ కెప్టెన్ 275, పెద్ద కంపెనీ కెప్టెన్ దాదాపు 188.
చిన్న కంపెనీని మొత్తంగా అడుగున అంటిస్తే: 675, 150.

చిన్న కంపెనీ కెప్టెన్ ఒక్కడికే 75 నుంచి 675 దాకా నాలుగు నంబర్లు వచ్చాయి. అర్హత మారలేదు, అనుభవం మారలేదు, కలిపే పద్ధతి మాత్రమే మారింది. అందుకే పేర్లు ముట్టుకోకముందే పద్ధతి మీద ఒప్పందం కుదరాలి. నంబర్లు బయటికొచ్చాక ఎవరికి లాభమో వాళ్లకు ఆ పద్ధతే ధర్మంగా కనిపిస్తుంది, ఇక ఎవరూ దిగిరారు.

ఇప్పటి మధ్యవర్తులు ఎక్కువగా మిశ్రమ పద్ధతికి మొగ్గుతున్నారు. ప్రతి పైలట్‌కూ సర్వీసు కాలం ప్రకారం ఒక ర్యాంకు, హోదా-విమానం ప్రకారం మరో ర్యాంకు వేస్తారు. రెండింటికీ వెయిటేజీ ఇచ్చి కలుపుతారు. ఉదాహరణకు హోదాకు 65, సర్వీసుకు 35 అనుకుంటే పైన చెప్పిన చిన్న కంపెనీ కెప్టెన్ స్కోరు 0.65×275 + 0.35×75, అంటే 205. ఇది తుది నంబరు కాదు. రెండు లిస్టుల తలల దగ్గర నిలబడ్డ ఇద్దరి స్కోర్లు పోల్చి, తక్కువ స్కోరున్న వాళ్లను ముందు తీసుకుంటూ కిందికి పోతారు. ఇలా చేస్తే ఒకే కంపెనీలో మీకన్నా జూనియర్ మీ పైకి ఎక్కడం జరగదు. ఆ వరస చెదిరితే లిస్టులో తప్పు దొర్లినట్టే.

హోదా చూసి కలపడం విదేశాల నుంచి వచ్చిన ఆలోచనేమీ కాదు. 1956 రాష్ట్రాల పునర్విభజనలో కూడా పోస్టుల సమానత్వం ముందు తేల్చి, ఆ తర్వాతే జాబితా కలిపారు. పని స్వభావం, బాధ్యతలూ అధికారాలూ, కనీస అర్హతలు, జీతం అనే నాలుగు కొలతలను సుప్రీంకోర్టు కూడా ఆమోదించింది.

అపోహ: ఎక్కువ ఫ్లయింగ్ గంటలున్నవాళ్లు పైన ఉంటారు.

గంటలు లైసెన్సుకు, కమాండ్ అర్హతకు. కెప్టెన్‌కు కావాల్సిన ఏటీపీఎల్ లైసెన్సుకు 1,500 గంటలు కావాలి. 9,000 ఉన్నంత మాత్రాన లిస్టులో ఒక మెట్టు కూడా పైకి జరగరు.

అపోహ: కొన్న కంపెనీ పైలట్లు పైన, అమ్ముడైన కంపెనీ పైలట్లు కింద. లోకరీతి అంతే.

ఇలా చేసిన చోట ఏమైందో చూడాలి. 2001లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ టీడబ్ల్యూఏ అనే మరో ఎయిర్‌లైన్‌ను కొన్నప్పుడు టీడబ్ల్యూఏ పైలట్లలో సగానికి పైగా లిస్టు అడుగున అంటించారు. ఆ ఏడాది సెప్టెంబరు 11 దాడుల తర్వాత ఉద్యోగాలు తీసేయాల్సి వచ్చింది. తీసేయడం ఎప్పుడూ అడుగు నుంచే కాబట్టి ముందు పోయింది వాళ్లే. ఆ పైలట్లు తమ తరఫున సరిగా నిలబడలేదని తమ సంఘం మీదే దావా వేశారు. 2011లో జ్యూరీ వాళ్ల పక్షాన తీర్పిచ్చింది, 2014లో సంఘం 5.3 కోట్ల డాలర్లకు రాజీ పడింది. ఈ అన్యాయం వల్లే 2007 డిసెంబరులో అమెరికాలో మెక్‌కాస్కిల్-బాండ్ చట్టం వచ్చింది. లిస్టులు న్యాయంగా, సమంగా కలపాలి, ఒప్పందం కుదరకపోతే మధ్యవర్తి తేల్చాలి అన్నది దాని సారాంశం.

మన దేశంలో అలాంటి చట్టం లేదు. ఇది మనకున్న పెద్ద లోటు అని మా గట్టి అభిప్రాయం. చట్టం లేదు కాబట్టి విలీనం ప్రకటించిన వారంలోనే రెండు వైపుల పైలట్లూ రాతపూర్వక ప్రక్రియ అడగాలి: ఎవరు చర్చిస్తారు, ఎన్ని రోజుల్లో, కుదరకపోతే మధ్యవర్తి ఎవరు.

అపోహ: ఎన్‌సీఎల్‌టీ (కంపెనీల ట్రిబ్యునల్) ఆర్డరులోనో, డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) అనుమతిలోనో సీనియారిటీ కూడా తేలిపోతుంది.

కంపెనీల చట్టం 230 నుంచి 232 సెక్షన్ల కింద ఎన్‌సీఎల్‌టీ ఆమోదించేది విలీన పథకాన్ని. ఉద్యోగుల గురించి అందులో మామూలుగా ఉండేది రెండు మూడు వాక్యాలే: సర్వీసు తెగకుండా కొనసాగుతుంది, షరతులు ఇదివరకటికన్నా తీసికట్టుగా ఉండవు. సర్వీసు కొనసాగింపు గ్రాట్యుటీ, సెలవుల లెక్కకు అక్కరకొస్తుంది. ఉమ్మడి లిస్టులో మీరెక్కడో అది చెప్పదు. ఇక డీజీసీఏ చూసేది లైసెన్సులు, శిక్షణ, డ్యూటీ గంటలు, రెండు ఆపరేటర్ పర్మిట్లు ఒక్కటి కావడం. సీనియారిటీ యాజమాన్యం, పైలట్ల మధ్య వ్యవహారం.

అపోహ: లిస్టులో కింద పడితే కెప్టెన్ సీటు పోతుంది.

సాధారణంగా పెట్టే మొదటి షరతే దీనికి అడ్డుకట్ట: కొత్త లిస్టును చూపి ఇప్పుడు సీట్లో కూర్చున్న మనిషిని లేపకూడదు. కొత్త నంబరు ఆ తర్వాత వచ్చే ఖాళీలకే పనిచేస్తుంది. రెండో రక్షణ ఫెన్స్. ఒక కంపెనీ తెచ్చిన వైడ్‌బాడీ కెప్టెన్ సీట్లు మొదటి కొన్నేళ్లు ఆ కంపెనీ వాళ్లకే అని గిరి గీయడం. ఫెన్స్ రాసేటప్పుడు మూడు చోట్ల తిరకాసు వస్తుంది: విలీనానికి ముందే ఆర్డరిచ్చి తర్వాత వచ్చే విమానాలు ఎవరి వాటా, పాత విమానం అమ్మేస్తే దాని బదులు వచ్చేది ఫెన్స్‌లో ఉంటుందా, గడువు తేదీతో ముగుస్తుందా లేక విమానాల సంఖ్యతోనా. ఈ మూడూ రాయని ఫెన్స్ ఏడాదికే కూలుతుంది.

సీటు భయం కన్నా ఎక్కువ పట్టించుకోవాల్సింది రిటైర్మెంట్ల లెక్క. ఒక కంపెనీలో 55 దాటినవాళ్లు ఎక్కువ, రెండోదాంట్లో 35 లోపువాళ్లు ఎక్కువ అయితే, ఆ పెద్దల ఖాళీల ఫలం కలిసిన తర్వాత రెండు కంపెనీల వాళ్లకూ పంచబడుతుంది. మీరు ఆ పెద్దల కంపెనీ వాళ్లయితే, కలవకపోతే అవి మీకే రావాల్సినవి. కాబట్టి ఏ ప్రతిపాదన వచ్చినా పుట్టిన తేదీలతో 5, 10, 15 ఏళ్ల తర్వాత మీ నంబరెంతో వేయించి చూడండి. మొదటి రోజు 40 స్థానాలు నష్టపోయిన మనిషి పదో ఏడు లాభపడటం, లాభపడిన మనిషి నష్టపోవడం మామూలే.

అపోహ: తొందరేముంది, కొన్నాళ్లు పాత లిస్టులతో నడుపుకోవచ్చు.

అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఇది. 2007లో రెండు ప్రభుత్వ సంస్థలు కలిశాయి, పైలట్ల జీతాలు, ప్రమోషన్లు కలవలేదు. 2011లో సమాన జీతాల కోసం పూర్వపు ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు 10 రోజులు సమ్మె చేశారు. జస్టిస్ ధర్మాధికారి కమిటీ నివేదిక వచ్చింది 2012 జనవరిలో. అప్పటికి డ్రీమ్‌లైనర్లు (787లు) రావడానికి సిద్ధంగా ఉన్నాయి. 787 శిక్షణలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ వైపు వాళ్లకూ వాటా ఇవ్వడంతో ఆ ఏడాది మేలో పూర్వపు ఎయిరిండియా పైలట్లు సమ్మెకు దిగారు, అది 58 రోజులు సాగింది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ లాంటి నారోబాడీ కంపెనీలో కమాండ్ త్వరగా వస్తుంది, ఎయిరిండియా లాంటి వైడ్‌బాడీ కంపెనీలో ఏళ్లు పడుతుంది. లిస్టు కలవకముందే కొత్త విమానాల శిక్షణ సీట్లు పంచితే ఆ తేడా భగ్గుమంటుంది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్న బాధ ఇద్దరికీ ఉంటుంది, ఇద్దరి దగ్గరా లెక్క ఉంటుంది.

అమెరికాలో 2005లో యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ కలిశాయి. 2007 మేలో మధ్యవర్తి నికొలావ్ యూఎస్ ఎయిర్‌వేస్‌కు చెందిన 517 మందిని పైన పెట్టి, మిగతావాళ్లను హోదా నిష్పత్తిలో కలిపి, లేఆఫ్‌లో ఉన్నవాళ్లను అడుగున ఉంచాడు. సంఖ్యలో ఎక్కువున్న యూఎస్ ఎయిర్‌వేస్ వర్గం ఒప్పుకోలేదు. 2008లో సంఘాన్నే మార్చేసింది. కోర్టుల చుట్టూ తిరిగి, మళ్లీ అమెరికన్‌తో విలీనమై, ఆ పైలట్లందరికీ ఒకే లిస్టు ఖరారైంది 2016 సెప్టెంబరులో. 2008లోనే డెల్టా, నార్త్‌వెస్ట్ అక్టోబరు చివర కలిస్తే డిసెంబరుకల్లా మధ్యవర్తుల లిస్టు వచ్చేసింది. అక్కడ పైలట్ల కాంట్రాక్టును విలీనానికి ముందే కుదుర్చుకున్నారు.

అపోహ: అన్యాయం జరిగితే హైకోర్టులో రిట్ వేస్తే సరి.

ప్రభుత్వ సంస్థగా ఉన్నప్పుడు వేయగలిగేవాళ్లు. ఎయిరిండియా 2022 జనవరిలో ప్రైవేటుపరమయ్యాక ఆ సంస్థపై సర్వీసు వివాదాలకు రిట్ నిలబడదని 2024 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రైవేటు ఎయిర్‌లైన్‌లో మీ బలం అపాయింట్‌మెంట్ లెటరు, సర్వీసు రూల్సు, గడువులోపు రాసిన అభ్యంతరం. గడువు దాటాక ఏ వేదికైనా ముందు అడిగేది "ఇన్నాళ్లూ ఏం చేశారు?" అనే. స్థిరపడిన సీనియారిటీని ఆలస్యంగా కదిలించడానికి మన కోర్టులు ఇష్టపడవు.

అపోహ: ప్రొవిజనల్ (తాత్కాలిక) లిస్టులో మన నంబరు చూసుకుంటే చాలు.

నంబరును ఆఖర్న చూడండి, ముందు మీ వరుసలోని ఒక్కో గడి చూడండి. మేం చూసినంతలో తప్పులు ఎక్కువగా దొరికే చోట్లు ఇవి.

చేరిన తేదీ: ఒక కంపెనీ ఇండక్షన్ గ్రౌండ్ క్లాసు మొదలైన రోజు నుంచి లెక్కిస్తే, రెండోది ఫస్ట్ ఆఫీసర్‌గా లైన్ రిలీజ్ అయిన (శిక్షణ ముగిసి మామూలు విమానాల్లో ఎగరడానికి అనుమతి వచ్చిన) రోజు నుంచి లెక్కిస్తుంది. మధ్యలో నెలలు గడుస్తాయి. రెండు లిస్టులకూ ఒకే కొలమానం పెట్టారో లేదో లిఖితపూర్వకంగా అడగండి.

స్నాప్‌షాట్ తేదీ: హోదాను ఏ రోజుకు లెక్కిస్తున్నారు? ప్రకటన రోజుకా, విలీనం అమల్లోకి వచ్చిన రోజుకా? ఈ రెండు తేదీల మధ్య ఒక వైపు హడావిడిగా కమాండ్ అప్‌గ్రేడ్లు చేస్తే నిష్పత్తి మారిపోతుంది. ఆ రోజుకు కమాండ్ శిక్షణ మధ్యలో ఉన్నవాళ్లను ఏ గుంపులో వేశారో పేర్లతో సరిచూడండి.

ఒకే రోజు చేరిన బ్యాచ్: మెరిట్ ప్రకారమా, వయసు ప్రకారమా? ఒక కంపెనీ ఒకటి, ఇంకో కంపెనీ మరొకటి పాటిస్తే బ్యాచ్ లోపలి పాత వరస చెక్కుచెదరకుండా ఉంచమనండి.

బ్రేకులు: ప్రసూతి సెలవు, మెడికల్‌గా తాత్కాలిక అన్‌ఫిట్, 2020లో కంపెనీయే పంపిన జీతం లేని సెలవు. వీటిని సర్వీసు తెగినట్టు చూపితే వెంటనే రాయండి. రాజీనామా చేసి తిరిగి చేరినవాళ్ల లెక్క వేరు.

అభ్యంతరంలో "నాకు అన్యాయం జరిగింది" అన్న వాక్యంతో పని జరగదు. గడి పేరు, లిస్టులో ఉన్నది, ఉండాల్సింది, రుజువుగా జోయినింగ్ లెటరు లేదా రిలీజ్ సర్టిఫికెట్ కాపీ, అది సరిచేస్తే మీరెవరి పైన, ఎవరి కింద రావాలో రెండు ఉద్యోగి నంబర్లు. ఒకే పేజీ. కంపెనీ మెయిల్‌లో పంపి, అందినట్టు జవాబు తెప్పించుకుని, ఆ మెయిల్‌ను కాపీ చేసి మీ దగ్గర సొంతంగా కూడా దాచుకోండి. విలీనం పూర్తయ్యాక పాత కంపెనీ మెయిల్ ఐడీలు మూసేస్తారు.